తొమ్మిది అంగుళాల జాన

నాకు డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. యాభై ఏళ్ల పైచిలుకు పరదాలు కుట్టాను. ఊళ్లో సగం కిటికీలకు బట్టలు తొడిగింది నువ్వే అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. ఇన్నేళ్లలో టేపు పట్టి గుడ్డ కొలిచిన పాపాన పోలేదు. చెయ్యి బాగా చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా నా జాన సరిగ్గా తొమ్మిది అంగుళాలు. నాలుగు జానలు వేస్తే గజం. వెంట్రుకవాసి తేడా ఉండదు. ఉండేది కాదు అనాలి. ఆ ముక్క చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

చిన్నప్పుడు ఈ చేతులే నాకు శత్రువులు. "ఆడపిల్లకి ఈ చాటంత చేతులేంటే" అని అమ్మ దిగులుపడేది. బళ్లో పిల్లలు నన్ను పేరుతో పిలవడం మానేసి 'చాట' అని పిలిచేవాళ్లు. పదిహేడో ఏట పరదాల దుకాణంలో పనికి చేరాను. అక్కడి మేస్త్రీ మొదటిరోజే నా చెయ్యి బల్ల మీద చాపించి, పక్కన స్టీలు స్కేలు పెట్టి చూశాడు. "తొమ్మిది! దేవుడు నీకు టేపు పుట్టుకతోనే ఇచ్చి పంపాడమ్మాయ్" అన్నాడు. వారం తిరిగేసరికి చాట పోయి 'జానమ్మ' మిగిలింది. ఆ రోజు నుంచి ఈ చేతులంటే నాకు గర్వం. గర్వం అంటే మరీ మర్యాదగా ఉంది, పొగరు.

భక్తి సంగతి కూడా చెప్పేస్తాను. కళ్లు మూసుకుని కూర్చుని ప్రార్థన చేసే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం దేవుడితో మాట్లాడతాను, దారం ఎక్కగానే ఆపేస్తాను. వయసులో ఉన్నప్పుడు "దేవుడా, అందరినీ చల్లగా" అనేలోపే దారం ఎక్కేసేది. 'చూడు' అనే మాట ఆయన ఊహించుకోవలసిందే. ఇప్పుడు ఒక్కో సూదికి పావుగంట పడుతోంది. దాంతో మా ఇంటి విషయాలన్నీ ఆయనకి పూసగుచ్చినట్టు తెలుస్తున్నాయి.

నాలో ఒక పెద్ద లోపం ఉంది. తప్పు నాది అని చెప్పడం నాకు చేతకాదు. ఆ మాట గొంతు దాకా వస్తుంది, అక్కడ అడ్డం తిరుగుతుంది. మా ఆయన లారీ నడిపేవాడు. ఇద్దరం పోట్లాడుకుంటే మూడోరోజుకి ఆయనే వచ్చి నా కుట్టుబల్ల ముందు నిలబడేవాడు. "నా వంతు తప్పయిపోయింది. నీ వంతు కూడా తప్పయిపోయింది. రెండూ నేనే చెప్పేశాను. ఇక లేచి భోజనం పెట్టు" అనేవాడు. నాకు నవ్వొచ్చేది, లేచేదాన్ని. అలా నలభై ఏళ్లు వెళ్లిపోయాయి. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు నా వంతు చెప్పిపెట్టే మనిషి లేడు.

ఇక నా కోడలు. పదకొండేళ్ల కిందట మా ఇంటికి వచ్చినప్పుడు దానికి సూది ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు. నేనే దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. ఏడాదికల్లా మిషను మీద దాని కాళ్లు నాకంటే వేగంగా ఆడాయి. ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. అందులో మా పద్ధతి ఇదీ: కొలత కాగితం మీద వస్తుంది. దాన్ని నేను జానల్లోకి మార్చుకుని, గుడ్డ మీద సుద్దతో గీత గీస్తాను. కోడలు కోసి కుడుతుంది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడేసుకుని తిరుగుతుంది. "డాక్టరమ్మలా ఎవరికి జ్వరం చూస్తావే ఆ టేపు పెట్టి?" అని నేను ఎత్తిపొడుస్తాను. "మీకేనండీ" అంటుంది. కోడల్లేని అత్త గుణవంతురాలని సామెత. నాకు కోడలుంది కాబట్టి ఆ గుణమేదో నాకు రాలేదు.

మొన్న వేసవి మొదట్లో పసిపిల్లల బడి వాళ్లు పడుకునే గదికి పన్నెండు పరదాలు అడిగారు. కాగితం మీద మడతలతో కలిపి అరవై మూడు అంగుళాలని రాసి ఇచ్చారు. అంటే ఏడు జానలు, లెక్క తేలిపోయింది. అదే వారం కోడలి వాళ్లమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కోడలు నాలుగు రోజులు అక్కడే ఉండిపోయింది. గీతలు గీసి, గుడ్డ కూడా నేనే కోసేశాను. ఈ వయసులో పన్నెండు పరదాలు ఒంటిచేత్తో కోశానని నా భుజం నేనే తట్టుకున్నాను. కోడలు బుధవారం పొద్దున్నే తిరిగొచ్చి, అడుగు మడతలు గబగబా కుట్టేసింది. మధ్యాహ్నానికి బడికి వెళ్లాం.

పిల్లలు పరుపుల మీద వరసగా నిద్రపోతున్నారు. కోడలు చప్పుడు కాకుండా స్టూలెక్కి పరదాలు తగిలించింది. ప్రతి కిటికీకీ గట్టు మీద బెత్తెడు ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోంచి ఎండ సరిగ్గా పిల్లల కళ్ల మీద పడింది. ఒక్కొక్కరే లేచారు. లేచినవాళ్లు లేవనివాళ్లని లేపారు. రెండు నిమిషాల్లో ఆ గది సంతలా తయారైంది.

"కొలత రాసిచ్చాను కదమ్మా?" అంది పెద్ద టీచరమ్మ. ఆయాలు ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"నేను సరిగ్గానే కోశాను టీచరమ్మా. ఏడు జానలు. అడుగు మడతలు వేసింది మా కోడలు. ఎక్కువ మడిచేసినట్టుంది" అన్నాను.

"ఎక్కువ మడవలేదు అత్తయ్యా" అంది కోడలు నెమ్మదిగా.

అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! "పుట్టింటికి వెళ్లి మనసు అక్కడే వదిలేసి వచ్చావు. చేసే పని మీద ధ్యాస పెట్టాలని మీ అమ్మ నీకు నేర్పలేదా?" అన్నాను, అందరి ముందూ.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. కోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. మళ్లీ స్టూలెక్కి పన్నెండు పరదాలూ విప్పి, మడతపెట్టి, సంచిలో సర్దింది. శనివారానికల్లా సరిచేసి తెస్తానని టీచరమ్మకి చెప్పింది. దారి పొడుగునా నాకంటే పది అడుగులు ముందే నడిచింది.

మర్నాడు పొద్దున నా కొడుకు నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. వాడు నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగి. బయట ఎన్ని నీళ్లు లెక్కపెడతాడో గానీ ఇంట్లో మాత్రం నీళ్లు నములుతుంటాడు.

"అమ్మా... సోమవారం నుంచి తను రెడీమేడ్ బట్టల కంపెనీలో పనికి వెళ్తానంటోంది."

"ఎవరు?"

"ఇంకెవరమ్మా, నీ కోడలే. నిన్న సాయంత్రం మాట్లాడుకుని కూడా వచ్చింది. ఈ పన్నెండు పరదాలు సరిచేసి ఇచ్చేసి, ఇక దుకాణానికి రాదట."

"వెళ్లనీ. అది రాకముందు నేను నడపలేదా?" అన్నాను. అంతా మేకపోతు గాంభీర్యం. వాడు వెళ్లాక మంచం మీద కూలబడ్డాను. దుకాణం మూతపడుతుంది, అది చిన్న సంగతి. పదకొండేళ్లు నా ఎదురుగా కూర్చుని పనిచేసిన పిల్ల నా మీద మనసు విరిగి వెళ్లిపోతోంది. దాన్ని నేను కూతుర్లా చూసుకుంటున్నానని అనుకునేదాన్ని. ఏ కూతురిని అయినా అలా అంటామా?

అయినా నాదే తప్పని అప్పటికీ ఒప్పుకోలేదు. మడత ఎక్కువ వేసిందని రుజువు చేద్దామని దుకాణానికి వెళ్లి ఒక పరదా అడుగు కుట్లు విప్పాను. మామూలుగా మేం రెండు వేళ్ల మడత వేస్తాం. ఇక్కడ ఒక వేలంత వెడల్పు కూడా లేదు. ఇంకో పరదా విప్పాను, అదీ అంతే. గుడ్డ చాలడం లేదని చూసుకుని, చేతనైనంత మిగల్చడానికి మడతలు సన్నంగా వేసింది పిచ్చిది. పోనీ గుడ్డ కుంచించుకుపోయిందా అంటే, అది నీళ్లు ముట్టని కొత్త గుడ్డ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇక నిందించడానికి నాకేమీ మిగల్లేదు.

ఇంటికి వచ్చేశాను. నా పడగ్గది తలుపుకి ఒక పరదా ఉంది. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో కుట్టినది. తొమ్మిది జానలా బెత్తెడు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దాన్ని దించి, మంచం మీద పరిచి, జానలు వేశాను. పది వచ్చింది. తప్పు వేశానేమోనని అటు చివర నుంచి మళ్లీ వేశాను. పదే. ఉతికిన గుడ్డ పొట్టిదవడం ఎరుగుదును గానీ, పొడుగవడం నా యాభై ఏళ్ల అనుభవంలో ఎక్కడా చూడలేదు.

 తలుపు గడియ వేసి, కోడలి పాత టేపు వెతికి తెచ్చి, దొంగలా నా చెయ్యి కొలుచుకున్నాను. ఎనిమిదిన్నర కూడా లేదు. కణుపులు ఉబ్బి ఉన్నాయి, చిటికెనవేలు లోపలికి వంగిపోయింది. ఎంత చాపినా సాగడం లేదు. నొప్పులున్నాయని తెలుసు, రెండేళ్లకు పైగా ఉన్నాయి. ముసలితనం వస్తే చెయ్యి నొప్పి పుడుతుందనుకున్నాను గానీ, చెయ్యి తరిగిపోతుందని ఎవరనుకుంటారు? అక్కడే కూర్చుని ఏడ్చాను. నేనంటే ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి నాకున్నది ఆ తొమ్మిది అంగుళాలే.

ఏడుపు తగ్గాక ఇంకో అనుమానం వచ్చింది. రెండేళ్లుగా చెయ్యి తరుగుతుంటే, ఈ రెండేళ్లూ నేను గీసిన పరదాలన్నీ సరిగ్గా ఎలా వచ్చాయి? ఆ అనుమానానికి జవాబు వెతికే ధైర్యం లేక పక్కకి తోసేశాను. సూది పట్టుకున్నాను. "మా ఆయన అక్కడే ఎక్కడో ఉండి ఉంటాడు, నా వంతు కూడా ఆయనతోనే చెప్పించు" అని దేవుడిని అడిగాను. దారం ఎక్కింది గానీ ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఇక నేనే చెప్పుకోవాలని అర్థమైంది. గదిలో తలుపేసుకుని చెబితే చాలదు. నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి.

ఆ రెండు రోజులూ కోడలు తలెత్తకుండా పనిచేసింది. ప్రతి పరదాకీ అడుగున పసుపుపచ్చ పట్టీ అతికింది. చూడటానికి ముందుకంటే ముచ్చటగా ఉన్నాయి. శనివారం నేనూ వస్తానంటే వద్దనలేదు, రమ్మనలేదు. సంచి ఒక చేత్తో తనే పట్టుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

పరదాలు తగిలించడం అయింది. గది చల్లగా, మసగ్గా మారింది. టీచరమ్మ బాగున్నాయంది. ఆయాలు ఉన్నారు. నలుగురూ ఉన్నారు, మాటే లేదు. గొంతు దాకా వచ్చి మామూలుగానే అడ్డం తిరిగింది. కోడలు ఖాళీ సంచి మడుస్తోంది. అది మడవడం పూర్తయితే మేం బయటికి వెళ్లిపోతాం.

"టీచరమ్మా, మొన్న మా కోడలు మడత ఎక్కువ వేసిందన్నాను. అబద్ధం. నేనే పొట్టిగా కోశాను. నా చెయ్యి తరిగిపోయింది. అది నాకు తెలియలేదు. తెలియకుండానే నోటికొచ్చింది అనేశాను. తప్పు నాది" అన్నాను. అంతా ఒక్క గుక్కలో అనేశాను, మధ్యలో ఆగితే మళ్లీ మొదలవ్వదని.

 దొంగనిద్ర పోతున్న ఒక పిల్ల లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా చేతులు పెరుగుతాయని టీచర్ చెప్పింది. నీదెందుకు తరిగింది?"

"ఎక్కువ వాడేశానమ్మా" అన్నాను. ఆయాలు నవ్వారు. కోడలు నవ్వలేదు గానీ, బయటికి వచ్చేటప్పుడు సంచి నా చేతికి ఇచ్చింది.

సగం దారిలో ఆగిపోయింది. "నన్నంటే పడతాను అత్తయ్యా. పదకొండేళ్లుగా పడుతూనే ఉన్నాను. మంచాన ఉన్న మా అమ్మని ఎందుకన్నారు?"

 "రేపు నన్ను మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్లు" అన్నాను.

మా వియ్యపురాలు చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో ఉంటుంది. ఇరవై రెండు మెట్లు. ప్రతి మెట్టుకీ మోకాళ్లు నన్ను తిట్టాయి. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి, మంచం మీద పడుకుని కూడా "రండి రండి, లోపలికి జరగండి" అన్నట్టే పిలిచింది. కోడలు టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. రెండోసారి కాబట్టి సులువుగా వస్తుందనుకున్నాను. రాలేదు.

"వదినా, మిమ్మల్ని ఒక మాట అన్నాను" అని మొదలుపెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. పని మీద ధ్యాస పెట్టడం మీ అమ్మ నేర్పలేదా అన్నానని, మాట పొల్లుపోకుండా చెప్పాను.

వదిన నవ్వింది. తుంటి నొప్పి పుట్టి మధ్యలో ఆపుకుంది. "నిజమే కదా వదినా! నేనేం నేర్పాను? టికెట్లు కొట్టడం తప్ప నాకేం వచ్చు? దానికొచ్చిన పనంతా మీరు పెట్టిన భిక్షే."

"అలా అనకండి."

"ఒక్కటి మాత్రం నేర్పాను. చిన్నప్పుడు బడి అయ్యాక దాన్ని నా బస్సులోనే తిప్పుకునేదాన్ని, ఇంట్లో చూసేవాళ్లు లేక. ముసలివాళ్లు ఎక్కుతుంటే నేను విజిల్ వెయ్యకుండా చిల్లర వెతుక్కుంటున్నట్టు నటించేదాన్ని. ఎందుకమ్మా అని అడిగేది. వాళ్లు కూర్చునేదాకా బస్సు ఆగాలి, వాళ్లకోసం ఆగిందని వాళ్లకి తెలియకూడదు, తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు అని చెప్పేదాన్ని. ఇప్పుడు అదే పని మీ దగ్గర చేస్తోందిగా."

"నా దగ్గరా?"

"అయ్యో, మీకింకా చెప్పలేదా? రెండేళ్లుగా మీరు గీసిన గీత కన్నా బెత్తెడు కిందకి కోస్తోందట. మొన్న నాలుగు రోజులు నా దగ్గరుండిపోయింది, మీరే కోసేశారు. అందుకే పొట్టివయ్యాయి. కోపంలో ఆ కంపెనీ ఉద్యోగానికి ఒప్పుకుందా, ఇక్కడికొచ్చి ఒకటే ఏడుపు. నేను వెళ్లిపోతే అత్తయ్య గీతకి బెత్తెడు ఎవరు కలుపుతారు అని."

"అమ్మా!" అని వంటగదిలోంచి కోడలు కేకేసింది.

 వదిన చెయ్యి పట్టుకుని అలా ఉండిపోయాను. రెండేళ్లపాటు ఊరంతా నా చేతిని మెచ్చుకుంటుంటే నేను మీసం మెలేశాను, లేని మీసం. కోడలు టీ తెచ్చి ఇచ్చింది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి, నా కళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మా ఇద్దరినీ చూసి వదిన, "ఏడిస్తే టీ చల్లారిపోతుంది, ముందు తాగండి" అని కసిరింది.

మెట్లు దిగుతున్నప్పుడు కోడలు నా జబ్బ పట్టుకుంది.

"ఆ కంపెనీకి ఏం చెబుతావు?" అన్నాను భయంభయంగా.

"రానని చెప్పేస్తాను. కానీ అమ్మ లేచి తిరిగేదాకా వారానికి రెండు మధ్యాహ్నాలు నేనిక్కడ ఉండాలి."

"మూడుండు. ఆ మూడు పూటలూ నేను గుడ్డ జోలికి పోను, కత్తెర దాచేసి వెళ్లు."

"దాచేస్తాను" అంది. నిజంగానే దాస్తుంది, నాకు తెలుసు.

సోమవారం దుకాణం తీశాం. ఎవరో కొత్తగా పెళ్లైన జంట, నాలుగు కిటికీలకి పరదాలు కావాలని కాగితం ఇచ్చి వెళ్లారు. గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దముక్క కోడలికి అందించాను. "నువ్వే గియ్యి. టేపుతో గియ్యి" అన్నాను.

"మీరే గియ్యండి అత్తయ్యా."

"తప్పు వస్తుందని తెలిసీనా?"

"ఎంత తప్పు వస్తుందో తెలిశాక ఇంక ఇబ్బందేముంది?"

చెయ్యి చాపాను. నొప్పి పుట్టింది, అయినా చాపాను. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ జానలు వేసి, గీత గీసి, పక్కకి జరిగాను. కోడలు వంగి, నా మొహం వంక ఒకసారి చూసి, నా గీతకి బెత్తెడు కిందుగా కత్తెర పెట్టింది. రెండేళ్లలో మొదటిసారి నా కళ్లెదురుగా కోసింది. నేను గుడ్డ అవతలి కొస కదలకుండా పట్టుకున్నాను.